గడీ కోళ్లను ఎవలు తిన్నరు

మొన్న మా కోళ్ల ఫారంల మీటింగు పెట్టి రిటైరైనోళ్లందరిని పిలిచిండ్రు. శాలువ కప్పిండ్రు, మిఠాయి పెట్టిండ్రు, అంత బాగనే ఉన్నది. ఆఖరుకు ఒక పెద్దమనిషి మైకు అందుకొని, వెనకట గడీల దొరలు నాటుకోడి జాతిని కన్నబిడ్డల లెక్క కాపాడిండ్రని, వాళ్లు పోయినంక ఆ జాతులు సుత పోయినయని అన్నడు. అందరు చప్పట్లు కొట్టిండ్రు. నా పక్కన కూసున్న పిల్ల, ఈ మధ్యనే కొలువుల చేరిన పిల్ల, అది సుత కొట్టింది. నాకు ఒళ్లంత మండింది. లేచి మాట్లాడుదమనుకున్న గని, కోపమొస్తె నాకు మాట సక్కగ రాదు, శాలువ మడిచి సంకల పెట్టుకొని బయటపడ్డ. ఇంటికొచ్చినంక అన్నం సయించలె. అందుకే ఇది రాస్తున్న. ఫారంల పనిచేసే పిల్లలు, ముఖ్యంగ ఆ చప్పట్లు కొట్టిన బిడ్డ, జర ఓపిక చేసుకొని చదువాలె.

దొరలు కోళ్లను కాపాడలె. కాపాడింది మా అత్త. ఆమె ఎంబడి నేను. మేం కాపాడినయి వాళ్లు తిన్నరు. చెప్పేది గింతే గని, ఎట్ల తిన్నరో చెప్పకుంటె మీకు నమ్మకం కుదరదు.

మాది ఇబ్రహీంపట్నం కాడ ఊరు, కందుకూరు పోయే బాట పొంటి. నేను కోడలుగ వచ్చిననాటికి రాజ్యం ఇంక నిజాం చేతులనే ఉండె. మా అత్త గడీల కోళ్లు కాసేది. జీతం లేదు, వెట్టి. ఆమె అత్త కాసింది, ఆమె కాస్తున్నది, ఇగ నేను కాయాలె. నన్ను అడిగినోళ్లు లేరు. వచ్చిన కొత్తల్నే చేతుల గంప పెట్టి తోల్కపోయింది.

గడీ ఎనుక పెద్ద పెరడు, పెరడు దాటితె కల్లాలు, కల్లాలు దాటితె గుట్ట. ఇప్పటి లెక్క జాలీల పెట్టి దాణ పోసుడు లేదు. పొద్దుగాల గూడు తెరువంగనే కోళ్లు బయటపడి, పురుగు పుట్ర ఏరుకుంట గుట్ట అంచుదాక పోతుండె. మాపటికి తిరిగి గూట్లెకు రావాలె. ఈ నడుమ వాటి పానానికి జవాబు చెప్పవలసింది మేము.

పైనుంచి గద్ద. గుట్ట దిక్కునుంచి నక్క. కంచెలకెల్లి అడివిపిల్లి. గోడ బొక్కలకెల్లి ముంగిస. ఒక్కోదానికి ఒక్కో ఉపాయం చేసేది అత్త. కల్లాల నడుమ అక్కడక్కడ రేగుకంప కుప్పలు ఏయించింది. చూసెటోళ్లకు అవి ఉత్త చెత్తకుప్పలు. గద్ద నీడ పడంగనే తల్లికోడి ఒక తీరుగ అరుస్తది, పిల్లలు ఉరికి ఆ కంపల కింద దూరుతయ్. ముళ్లల్లకు గద్ద దిగదు. పిల్లల వీపుల మీద పసుపు, ఎర్రటి జాజుమట్టి పూసేది, రంగు చూసి గద్ద బెదురుతదని. నిజమో కాదో నాకు ఇప్పటికి తెల్వది గని, రంగు పూసిన పిల్లను గద్ద ఎత్తుకపోంగ నేను చూడలె. ముంగిస తొవ్వి రాకుంట గూటి అడుగున బండలు పరిపిచ్చి సందులకు సున్నం కొట్టిచ్చింది. నక్క కోసమైతె పొద్దు గుంకక ముందే కల్లాల అంచు పొంటి తానే తిరిగేది. మనిషి అలికిడి ఉన్న దిక్కు నక్క రాదని ఆమె లెక్క.

కోడి పోతె, ఏది తిన్నదో ఈకలు చూసి చెప్పేది. అడివిపిల్లి కంచెదాక ఈకలు జార్చుకుంట పోతది. నక్క ఒక్కతాన కుప్ప ఏసి మాయమైతది. ముంగిస కోడిని అక్కడనే ఇడిసిపెట్టి నెత్తురు తాగి పోతది. ఇవన్ని నాకు చూపిచ్చి చూపిచ్చి నేర్పింది.

పిల్లల్ల పెట్ట ఏదో పుంజు ఏదో చెప్పుడు సుత ఆమె దగ్గరనే నేర్చిన. ఇయ్యాల మీరు ఒక్కరోజు పిల్లను దీపం కింద పట్టుకొని, దాని ముడ్డి ఒత్తి చూసి చెప్తరు. మాకు గా విద్య లేదు. నెల దాటినంక చూస్తుంటిమి. పెట్టకు తోక ఈకలు ముందుగాల వస్తయ్, రెక్క తొందరగ నిండుతది, ఒళ్లు గుండ్రంగ కనవడ్తది. పుంజుపిల్లకు వీపు బోడగ ఉంటది, కాళ్లు లావు, నెత్తి మీది జుట్టు అప్పుడే ఎర్రవారుతది. మీదికెల్లి రుమాలు ఎగరేస్తె పెట్ట ఒదుగుతది, పుంజు మెడ నిక్కిచ్చి చూస్తది. ఒక్క గుర్తు చూసి చెప్పొద్దు, అన్ని గుర్తులు కలిస్తెనే నోరు ఇప్పాలె అనేది అత్త. చెయ్యి అలవాటైనంక కాలు పట్టుకోంగనే తెలుస్తది.

ఇంత మంచి విద్యను ఏ పనికి వాడుకున్నరో చెప్తె మీకు అసయ్యం పుడతది.

దొర గడీ గుడ్లను ఊళ్లె ఇండ్లకు పంచిపెట్టేది. పొదిగే కోడి వాళ్లది, గింజలు వాళ్లయి, కావలి వాళ్లది. పిల్లలు నెల దాటంగనే గుమాస్త మమ్ముల ఎంబడి పెట్టుకొని ఇల్లిల్లు తిరిగేది. పెట్టలన్ని గడీకి, పుంజులు ఇంటోళ్లకు. వింటె సగం సగం పంపకం లెక్కనే ఉంటది. గని ఆ పుంజులు కూతకు రాంగనే ఊళ్లెకు పోలీసు అమీనో, తాసీల్దారో దిగేటోడు. వచ్చినోనికి కోడికూర కావాలె. వాని బంట్రోతుకు కావాలె, వాని గుర్రం తోలెటోనికి కావాలె. గడీ మనిషి వచ్చి ఆ పుంజులను కాళ్లు కట్టి తీస్కపోయేది. ఇంటోళ్లకు మిగిలేది కోడిపెంట ఊడ్చుడు. పిల్లలు బుక్కెడు ఉత్త జొన్నగట్క తాగుకుంట, తాము మేపిన కోడి పోతుంటె చూసేది.

మా ఎదురింట్ల ఒక అక్క ఉండె. కిరస్తానం పుచ్చుకున్న ఇంటి కోడలు, ఐతారం ఐతారం ప్రార్థనకు పోయేది. మెత్తటి మనిషి. ఒకపారి నేను ఆమె గంపల చెయ్యి పెట్టి పెట్టలను ఏరుతుంటె, నా మొఖం దిక్కు చూడకుంట అన్నది.

"మంచిగ ఏరు పిల్లా. నీ చెయ్యి మంచిది, ఒక్కటి సుత మిగులది."

తిట్టినా బాగుండు. ఆ పొద్దు ఇంటికొచ్చి అత్తతోని కొట్లాడిన, గిది మనుషులు చేసే పనేనా అని. అత్త పొయ్యికాడ కూసొని అంత ఇన్నది. మనం చెప్పకుంటె వాళ్లు పిల్లలన్నిటిని ఎత్తుకపోతరు, చెప్తె సగమన్న నాలుగు నెలలు ఇండ్లల్ల ఉంటయ్ అన్నది. అది జవాబు కాదని ఆమెకు సుత తెలుసు.

గుమాస్త ముచ్చట చెప్పాలె. ఒకనాడు పొద్దుగాల గూడు చూస్తె మంచి పెట్టలు కొన్ని లేవు. ఒక్క ఈక లేదు, నెత్తురు చుక్క లేదు, గూటి తలుపు గొళ్లెం తీసి మళ్ల ఏసి ఉన్నది. గుమాస్త ఇంటి ఎనుకనేమో ఉడుకు నీళ్లల్ల ముంచి పీకిన ఈకలు తడితడిగ కుప్ప పడి ఉన్నయ్. గుమాస్త వచ్చి, అడివిపిల్లి పడ్డది, మీ కావలి గిట్లనే ఉంటది అన్నడు. ఈకలను ఉడుకు నీళ్లల్ల ముంచే అడివిపిల్లిని నేను చూడలె అన్నది అత్త. ఆమె చెంప మీద కొట్టిండు. గడీ కాయిదా ప్రకారం, పోయిన కోళ్లకు కావలోళ్లు బదులియ్యాలె. మా ఇంటి పెట్టలను, మా సొంతం పెట్టలను, మేం పెంచుకున్నయి పట్కపోయి గడీ గూట్ల ఏసిండ్రు. తిన్నది వాడు, కట్టింది మేము, దెబ్బ తిన్నది మా అత్త. దీని పేరు జాతిని కాపాడుడట.

ఆ మరునాటి నుంచి అత్త గూటి తలుపుకు అడ్డం తన మంచం ఏసుకున్నది. వాన పడ్డా, చలి పెట్టినా అక్కడనే. ఆ తర్వాత గడీల ఒక్క కోడి పోలె. నక్కకు పోలె, గుమాస్తకు పోలె. కోపంతోని చేసిందో, పని మీది పాయిరంతోని చేసిందో నేను చెప్పలేను. రెండు ఒక్కతాననే ఉంటయేమో.

అంతల దొరల వెట్టిని ఎదిరిచ్చే సంఘం వచ్చింది. ముందు నల్గొండ దిక్కు అన్నరు, తర్వాత మా పక్క ఊళ్లెకు వచ్చింది, తర్వాత మా ఊళ్లెకే వచ్చింది. దొర ఇంటిల్లిపాదిని కార్ల ఎక్కిచ్చుకొని పట్నం పోయిండు. గుమాస్త సుత మెల్లగ జారుకున్నడు. ఒకనాడు పట్టపగలే ఊరంత గడీల జొర్రింది. గరిసెలు తెరిచి గింజలు పంచిండ్రు. నేను గా దినం మొదటిసారి గడీ ముందటి దర్వాజలకెల్లి లోపలికి పోయిన.

సంఘపోళ్లల్ల ఒక పడుచాయన ఉండె, అందరు అన్న అని పిలుస్తుండిరి. ఆయన కోళ్లను చూసి, కోసి ఊరంత దావతు చేసుకుందం అన్నడు. జనం సంబురంగ కేక పెట్టిండ్రు. అత్త గూటి ముందట నిలబడ్డది. పక్కకు జరుగలె. దావతు మాపటికి అరిగిపోతది, పెట్టలను పంచితె ఏడాదంత పిల్లలు గుడ్డు తింటరు అన్నది. ఆ అన్న నవ్వి, నువ్వే పంచు అవ్వా అన్నడు.

అత్త పంచింది. ఏ పెట్ట ఏ ఇంటి గంపల పెరిగిందో ఆమెకు ఎరుకే, ఆ పెట్టను ఆ ఇంటికే ఇచ్చింది. ఎదురింటి అక్కకు ఆమె పెంచిన చుక్కల పెట్ట మళ్ల వచ్చింది. ఆమె దాన్ని రొమ్ముకు అదుముకొని ఏడ్చింది. ఇచ్చి ఊకోలె అత్త. ఇంటింటికి పోయి కంపకుప్ప ఎక్కడ ఏయాల్నో చూపిచ్చింది, గూటికి బండలు పరుచుకునుడు చూపిచ్చింది, పెట్టను పుంజును గుర్తు పట్టుడు ఆడోళ్లందరికి నేర్పిచ్చింది. ఎప్పుడు అమ్మాల్నో, ఏది కోయాల్నో, ఏది పొదుగ పెట్టాల్నో మన చేతుల ఉండాలె అనేది.

ఆ ఏడు మా వాడకట్టు పిల్లలు గుడ్డు తిన్నరు. గుడ్డు పైన తెల్లగ ఉంటదని ఎరుకే గని, లోపల పచ్చగ ఉంటదని ఎరుక లేని పిల్లలు ఉండిరి మాకాడ. అది చెప్పుకుంటె ఇయ్యాలకు సుత నాకు సిగ్గయితది. సిగ్గు పడాల్సింది నేను కాదు.

తర్వాత పోలీస్ యాక్షన్ అయింది. నిజాం రాజ్యం పోయిందన్నరు. మిలిటరీ లారీలు వస్తుంటె మేమందరం బాట మీదికి ఉరికినం. బంతిపూలు తెంపుకపోయి ఏసినం. నేను సుత ఏసిన. మా కష్టం గట్టెక్కిందనుకున్నం. లారీలు పోయినంక కొన్ని దినాలకు జీపు వచ్చింది. జీపుల మా దొర. షేర్వాని తీసి తెల్లటోపి పెట్టిండు, మనిషి మాత్రం గదే. ఆయన పక్కన గుమాస్త. ఎనుక పోలీసు క్యాంపు. క్యాంపు గడీలనే పెట్టిండ్రు.

సంఘం ఎంబడి తిరిగినోళ్ల కోసం ఎతికిండ్రు. దొరికినోళ్లను కొట్టిండ్రు, దొరకనోళ్ల ఇంటోళ్లను కొట్టిండ్రు. మా ఆయన సుత సంఘపోడే, గుట్టలు పట్టుకొని పోయిండు. ఇగ క్యాంపోళ్లు ఊళ్లె కోళ్ల మీద పడ్డరు. పట్టపగలు కట్టెలు పట్టుకొని ఇండ్లల్ల జొర్రి పెద్దయి దొరికినయి దొరికినట్టు ఎత్తుకపోయి వండుకున్నరు. తుపాకి భుజానేసుకొని పెంటకుప్పల మీద కోడి ఎంబడి ఉరికెటోన్ని చూస్తె నవ్వొస్తుండె, గని నవ్వినోని వీపు పలుగుతుండె. చుక్కల పెట్ట గట్లనే పోయింది. గడీకెల్లి ఊళ్లెకు పోయిన పెట్టలన్ని మళ్ల గడీకే వచ్చి, గడీ పొయ్యి మీదనే ఉడికినయ్. మిగిలినయి పిల్లలు. నెల దాటి, అప్పుడప్పుడే ఈక తొడుగుతున్న పిల్లలు.

ఇగ ఆ దినం.

ఊళ్లె ఉన్న కోడిపిల్లలన్నిటిని గంపలల్ల పెట్టుకొని గడీ ముందటికి రమ్మని చాటిచ్చిండ్రు. ఆడోళ్లందరు గంపలు ముందట పెట్టుకొని ఎండల కూసున్నరు. దొర కుర్చీల కూసున్నడు. పక్కన క్యాంపు జమేదారు, మనది కాని దేశపోడు, తెలుగు రాదు. అత్తను ముందటికి పిలిచిండ్రు.

"నా కోళ్లేవి?" అన్నడు దొర.

"లేవు దొరా."

"ఏమైనయ్?"

అత్త ఒకపారి జమేదారు దిక్కు చూసింది. ఆయన పక్కన తుపాకులు పట్టుకొని నిలబడ్డోళ్ల దిక్కు చూసింది.

"నక్కలు తిన్నయ్ దొరా. పట్టపగలు ఊళ్లెకొచ్చి తిన్నయ్."

ఎవలో ముక్కులకెల్లి నవ్విండ్రు. జమేదారు ఏమన్నదని అడిగిండు. గుమాస్త వంగి ఆయన చెవుల చెప్పిండు. వాడు చెప్పకున్నా అయిపోయేది. చెప్పిండు.

మా అత్తను నడుము దగ్గరికి వంచి నిలబెట్టిండ్రు. వీపు మీద రాయి పెట్టిండ్రు. ఇద్దరు మోసుకొచ్చిన రాయి అది. ముసలి మనిషి. నేను ఉరకబోతె నన్ను జుట్టు పట్టి ఆపిండ్రు. దొర రుమాలుతోని మొఖం తుడుసుకున్నడు. తర్వాత జనం దిక్కు తిరిగి మెత్తగ మాట్లాడిండు. పెద్దయి పోయినయి పోయినయ్, ఈ పిల్లలు నా కోళ్లకు పుట్టినయి, నాయే అన్నడు.

"నేను అన్యాయం చెయ్య. పాత పద్ధతే. పెట్టలు గడీకి, పుంజులు మీకు."

నేను అన్యాయం చెయ్య అన్నడు. ఒక ముసల్ది రాయి కింద వంగి ఉంటె, ఆమె ముందట నిలబడి అన్నడు. ఆయన సచ్చి ఏండ్లయింది గని ఆ మాట నా చెవులకెల్లి పోలె. పెట్టలన్ని పోతె ఊళ్లె ఇగ గుడ్డు ఉండది, పిల్ల ఉండది. మిగిలిన పుంజులను క్యాంపు తింటది. అంటె అంత పాయె. ఒక్క ఏడాది మనుషుల లెక్క బతికినందుకు గిది జుర్మానా.

గుమాస్త నన్ను ముందటికి గుంజిండు. దీనికి ఎరుకే దొరా, గిది చెప్తది అన్నడు. రాయి కిందికెల్లి అత్త మాట్లాడింది. గొంతు నేల దిక్కు ఉండె, అయినా అందరికి ఇనవడ్డది.

"పిల్లా, నోరు ఇప్పినవంటె నా గడప తొక్కకు."

గుమాస్త పోయి ఆ రాయి మీద కాలు పెట్టిండు. చెప్తవా లేదా అన్నడు.

నేను గంపల ముందట కూసున్న. ముందుగాల ఎదురింటి అక్క గంప. చెయ్యి పెట్టి ఒక పిల్లను తీసిన. కాలు లావుగ తగిలింది, వీపు బోడగ ఉన్నది, జుట్టు ఎర్రవారింది. పుంజు, అనుమానమే లేదు. దాన్ని గడీ గంపల ఏసి, "గిది పెట్ట" అన్న.

ముందుగాల అనుకొని చేసిన పని కాదు అది. చేతులు చేసినంక నాకు తెలిసింది. తర్వాత ఇంకొకటి తీసిన. గిది సుత పెట్టనే అన్న. తోక ఈక నిండిన పెట్టలను పక్కకు నూకి, ఇవి పుంజులు, మీయి మీరు తీస్కపొండ్రి అన్న. అక్క నా దిక్కు చూసి పక్కకు ఉమ్మింది. నేను ఇట్ల చేస్తననుకోలె ఆమె. ఆ తర్వాత ఆమె చూపు తన గంపల మిగిలిన పిల్లల మీద పడ్డది. చూసింది. మళ్ల చూసింది. అత్త నేర్పిన గుర్తులు ఆమెకు సుత ఎరుకే కద. కొంగు తీసి గంప మీద కప్పి, తలకాయ కిందికేసుకున్నది. ఆ పక్కామె చూసింది. ఆమె పక్కామె చూసింది. అంతమంది ఆడోళ్లల్ల ఒక్కతి సుత మొఖం మారనియ్యలె. ఒక్కతి సుత పక్కదాని దిక్కు చూడలె.

అత్త మాత్రం రాయి కింద వంగి ఉండి నన్ను తిడుతనే ఉన్నది. నేను చెప్పే మాటలే ఇనవడుతున్నయ్ ఆమెకు, పిల్లలు కనవడుతలేవు. గడీ గంప నిండంగ దాన్ని పట్కపోయి ఆమె ముందట్నే దించిండ్రు. గంప అల్లిక సందులకెల్లి ఆమెకు కాళ్లు కనవడ్డయ్. అన్ని లావు కాళ్లే. ఆమె తిట్టుడు ఆపింది. కొంచెం సేపటికి దగ్గుడు మొదలుపెట్టింది. అది దగ్గు కాదు, నవ్వు ఆపుకునుడని నాకు తెలుసు. నేను తల ఎత్తలె.

గుమాస్తకు ఎక్కడనో అనుమానం వచ్చింది. గడీ గంపలకెల్లి ఒకదాన్ని తీసి, దీని జుట్టు ఎర్రగ ఉన్నదేందే అని అడిగిండు.

"గడీ జాతి కద దొరా. మంచి జాతి పెట్టలకు జుట్టు ముందే ఎర్రవారుతది" అన్న. గుమాస్తకు కాదు, దొరకే చెప్పిన.

దొర కుర్చీల సదురుకొని కూసున్నడు. అవ్, మన జాతి గట్లనే ఉంటది అన్నడు. ఇగ గుమాస్త ఏమంటడు. పిల్లను గంపల ఏసిండు.

పని అయిపోయినంక రాయి తీసిండ్రు. అత్త మాత్రం పైకి లేవలె. నడుము లేవలె. నేను, ఎదురింటి అక్క రెండు దిక్కుల పట్టుకొని ఆమెను గట్లనే వంగినట్టే ఇంటికి నడిపిచ్చుకొని వచ్చినం. గడప కాడ ఆగి, నేలనే చూసుకుంట, "పా లోపలికి" అన్నది నాతోని.

ఆడోళ్లు తమ పెట్టలను ఊళ్లె ఉంచలె. తుర్కయాంజాల్‌ల అక్కకో, అబ్దుల్లాపూర్‌మెట్‌ల వదినెకో, ఎవలకున్న చుట్టాల ఇంటికి వాళ్లు గంపలు చేరేసిండ్రు. అక్కడ పెరిగి, గుడ్లు పెట్టి, మళ్ల కొన్నాళ్లకు ఆ పెట్టల పిల్లలు మా వాడకట్టుకు వచ్చినయని తర్వాత ఇన్న.

గడీల పిల్లల సంగతి మీరు అడుగుతరు. అప్పటికి దొర మళ్ల పట్నం పోయి ఉండె. ఒకనాడు పొద్దుగాల వాకిళ్లు ఊడుస్తుంటె గడీ పెరట్లకెల్లి కూత లేసింది. సగం పలిగిన గొంతు, లేత పుంజు మొదటి కూత. దాని ఎంబడి ఇంకొకటి. ఇగ ఒకదాన్ని చూసి ఒకటి, పెరడంత ఒక్కటే కూత. ఊళ్లె చీపుర్లన్ని ఆగినయ్. ఎవలు నవ్వలె, నవ్వితె ఏమైతదో తెలుసు. గుమాస్త దొరకు నిజం చెప్పలేడు, చెప్తె వాని కొలువు పోతది. ఆ పుంజులను క్యాంపుకు వండిపిచ్చి, పెట్టలను నక్కలు తిన్నయని దొరకు చెప్పిండట.

గని కోపం మా మీద తీర్చుకున్నడు. మా ఇంటి కప్పు పీకిపిచ్చిండు. మా ఆయనను గుట్టల్ల పట్టుకొని జైల్ల ఏసిండ్రు. నేను అత్తను తోల్కొని పట్నం దిక్కు వచ్చిన. కూలి చేసిన, మట్టి మోసిన. మా ఆయన జైలు నుంచి వచ్చినంక, సర్కారు కోళ్ల ఫారం పెడుతున్నరంటె పోయి నిలబడ్డ. పని వచ్చునా అని అడిగిండ్రు. వచ్చు అన్న. ఎక్కడ నేర్చుకున్నవని అడుగలె, నేను చెప్పలె. అక్షరాలు సుత అక్కడనే నేర్చిన.

దొరకు ఏం కాలె. ఇది మీరు గుర్తు పెట్టుకోవాలె. ఆయన టోపి పెట్టుకొని పెద్దోడయిండు, సభలల్ల ముందు కుర్చీల కూసున్నడు, దండలు ఏయించుకున్నడు. సచ్చిపోతె మస్తు మంది పోయిండ్రు. గుమాస్త భూములు కొన్నడు. జమేదారు తన దేశం పోయిండు. ఆ రాయి ఎవలు పెట్టమన్నరు, ఎవలు పెట్టిండ్రు అని ఏ కచేరిల, ఏ దొర ముందట, ఎవలు అడుగలె. నేను ఒకపారి ఒక ఆఫీసరుతోని చెప్తె, పాత ముచ్చట్లు ఎందుకమ్మా అన్నడు. పాతది మీకు. ఆమె వంగిన నడుము మా ఇంట్ల రోజు పొద్దున కండ్ల ముందట ఉంటుండె.

మా అత్త ఆ తర్వాత చాన ఏండ్లు బతికింది. ఆకాశం చూడలె. ఎవలన్న వస్తె చెప్పులు చూసి గుర్తు పట్టేది. దవాఖానకు తీస్కపోతె, ఎప్పుడో సదురుకున్న బొక్క, ఇప్పుడు ఏం చెయ్యరాదన్నరు. మాటల మాత్రం ఏం వంగలె. ఫారంకెల్లి నేను రాంగనే, ఇయ్యాల ఎన్ని పోగొట్టినవ్ అని అడిగేది.

ఆమె పోయిన పొద్దు, పాడె మీద వెల్లకిల పండబెట్టబోతె పండలె. వాళ్లు ఎట్ల వంచిండ్రో గట్లనే ఉన్నది. మోసెటోళ్లు, కొంచెం నొక్కుదమా అక్కా, సదురుకుంటది అన్నరు. వద్దన్న. ఒకసారి నొక్కింది చాలు. నిద్రపోయే పిల్లను పండబెట్టినట్టు పక్కకు ఒరగబెట్టి, గట్లనే తీస్కపోయినం.